దాలమ్మ గాలిపెట్టెలు

మధ్యాహ్నం రెండుంబావుకి బరంపురం చేరాం. ఒక లారీ, నలుగురు మనుషులు, పద్నాలుగు పెట్టెలు. మే నెల ఆఖరు. వాన జాడ లేదు. సముద్రం వైపు నుంచి వచ్చే గాలిలో తడి ఉంది గాని చల్లదనం లేదు. చొక్కాలు వీపులకి అంటుకుపోయాయి. హల్దియాపదర్ వైపు తిరిగే రోడ్డు మీద దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. ఒక్క మందుల షాపు ముందు మాత్రం సున్నంతో గీసిన గుండ్రాల్లో జనం నిలబడి ఉన్నారు.

కరోనా రెండో ఏడు అది. ఒక కాలేజీ హాస్టల్‌ని ఆసుపత్రిగా మార్చారు. మూడంతస్తులు. పరిస్థితి బాగాలేని రోగులంతా రెండో అంతస్తులో ఉన్నారు. మా పని అక్కడే.

లారీ దిగగానే సుబేదార్ సాబ్ మమ్మల్ని వరసలో నిలబెట్టి ఆర్డరు చదివారు. ఆయనది రాజస్థాన్. గొంతు ఎప్పుడూ పెంచరు. "ఆరు వారాలు. గేటు దాటేది లేదు. బస వెనక షెడ్డులో. ఎనిమిది సెట్లు మన చేతికి వస్తున్నాయి. వాటిని వేసుకుని లోపలికి వెళ్లిన ప్రతి మనిషీ ఆరోగ్యంగా బయటికి రావాలి. సందేహాలున్నాయా?"

నాకు ఒకటుంది. అడగలేదు. మా ఊరు గిరిసోల పక్కనే. అక్కడికి ఇరవై కిలోమీటర్లు ఉంటుందేమో. పదిహేడేళ్ల నౌకరీలో మంచుకొండల్లో చేశాను, ఇసుకలో చేశాను. ఇంటికి ఇంత దగ్గరగా డ్యూటీ ఎప్పుడూ పడలేదు. పడినప్పుడు ఇంటికి వెళ్లే వీల్లేదు. నా భార్యకి ఫోన్ చేసి ఎక్కడున్నానో చెప్పాను. "అయితే మన బస్సు ఎక్కితే గంట," అంది. తర్వాత ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

సైన్యంలో నా హోదా హవల్దార్. విషవాయువులు, రోగక్రిముల నుంచి రక్షణ నేర్పే ఉస్తాదుని. మాతో నర్సింగ్ అసిస్టెంట్ ఒకడు ఉన్నాడు. లూధియానా వైపు సర్దార్. నాలుగో మనిషి డ్రైవరు.

ఆ సెట్లు ఏమిటో చెప్పాలి. అవి మాస్కులు కావు. వెంటిలేటర్లూ కావు. రోగికి పెట్టేవి కావు, రోగి దగ్గరికి వెళ్లే మనిషి వేసుకునేవి. నడుముకి బెల్టు. బెల్టు వెనక ఇటుకంత పెట్టె. అందులో చిన్న మోటారు, బ్యాటరీ. పెట్టె పక్కన అరచేయంత గుండ్రటి ఫిల్టరు. మోటారు బయటిగాలిని ఫిల్టరు గుండా లాగి, ముడతల గొట్టంలోంచి తలతొడుగులోకి పంపుతుంది. తొడుగుకి ముందు అద్దంలాంటి ప్లాస్టిక్ రేకు. లోపల గాలి నిండుగా ఉంటుంది కాబట్టి బయటి గాలి లోపలికి చొరబడదు. గడ్డం ఉన్నవాళ్లకి మామూలు మాస్కు ముఖానికి సరిగ్గా అతకదు. ఈ తొడుగుకి ఆ ఇబ్బంది లేదు. మా సర్దార్‌ని ఈ డ్యూటీకి పంపింది అందుకే.

ఊపిరి గొట్టం వేసేటప్పుడు డాక్టరు ముఖం రోగి నోటికి జానెడు దూరంలో ఉంటుంది. అక్కడ ఉన్న ఇద్దరు మత్తు డాక్టర్లలో ఒకాయన మామూలు మాస్కుతో గొట్టాలు వేసి, వేసి, జ్వరంతో అదే ఆసుపత్రిలో పడకెక్కాడు. మిగిలింది ఒక్క డాక్టరమ్మ. బరంపురం ఆవిడే. ఒడియా, తెలుగు రెండూ ఇంటి భాషల్లా మాట్లాడేది.

సెట్లు మా కంటే పది రోజుల ముందే వచ్చాయి. ఎవరో దాతలు పంపారు. వాడటం తెలిసినవాళ్లు లేక అరకొరగా వాడారు. మర్నాడు ఉదయం ఆరింటికి ఒక్కొక్కటే విప్పి చూశాను. మొదటి నాలుగు పెట్టెల్లో ఫిల్టర్లు తళతళలాడుతున్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే బ్లీచింగ్ వాసన. లోపల కాగితం మడతలు ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. ఎవరో శుభ్రంగా ఉతికి ఎండబెట్టారు.

నాకు ఒళ్లు మండింది. వసారాలో నిలబడి గట్టిగానే అడిగాను, ఇది ఎవరు చేశారని.

బకెట్ల దగ్గర నుంచి ఒక మనిషి లేచి వచ్చింది. యాభై దాటి ఉంటుంది. సన్నగా, పొడుగ్గా ఉంది. చీరకొంగు నడుముకి బిగించి ఉంది. మాస్కు పైన కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి.

"నానే కడిగినాను బావూ," అంది. "మురికైతే కడుగుతాం గదా. వొద్దని ఎవులూ సెప్పనేదు."

ఆ యాస వినగానే నా కోపం సగం దిగిపోయింది. మా ఇంట్లో మాట అది. పేరు దాలమ్మ. గిరిసోల దగ్గర పల్లె. వ్యవసాయ కూలీల కుటుంబం. ఆసుపత్రిలో ఊడ్చే, కడిగే పనికి చేరి నాలుగేళ్లు. అందరూ మావుసి అని పిలుస్తారు, ఒడియాలో పిన్ని అని.

సుబేదార్ సాబ్ వెంటనే తేల్చేశారు. "ఆమెని ఈ గదికి దూరంగా ఉంచు. చదువుకున్నవాళ్లని ఎవరినైనా పెట్టు."

నేను సరేనన్నాను. ఆమె మాత్రం కదల్లేదు. "పాడు సేసినాను. సరే. ఎందుకు పాడైనాదో సెప్పు. రేపు మరొకటి పాడు సెయ్యకుండా ఉంటాను," అంది.

న్యాయమైన మాట. పాడైన ఫిల్టరు ఒకటి తీసుకుని కత్తితో చీల్చి చూపించాను. "ఇది గుడ్డ కాదు సిన్నమ్మా, కాయితం లాంటిది. మడతలు మడతలుగా పెట్టారు. కంటికి కనపడని పురుగుని ఈ మడతలు పట్టుకుంటాయి. నీళ్లు తగిలితే పీచు విడిపోతాది. ఆపైన పట్టదు. సూడ్డానికి మాత్రం బాగానే ఉంటాది."

ఆమె ఆ ముక్కని వేళ్ల మధ్య నలిపి చూసింది. "జల్లిడన్నమాట. సిరిగిన జల్లిడ."

"అంతే."

"నాలుగు జల్లిడలు సింపేసినాను. ఆ నాలుగింటితో ఎవులైనా ఎల్లినారా లోపలికి?"

వెళ్లలేదు. ఆ మాట చెప్పాక ఆమె గోడకి ఆనుకుని కాసేపు కూర్చుంది. లేచి, "నాకు నేర్పు," అంది.

సుబేదార్ సాబ్‌తో మాట్లాడాను. తప్పు చేశానని తనంతట తను ఒప్పుకున్న మనిషి దొరకడం కష్టమన్నాను. ఆయన, "మూడు రోజులు. నీ పూచీ," అన్నారు.

మూడు రోజులు అక్కర్లేకపోయింది.

రెండో అంతస్తు వసారాని రంగుగీతలతో మూడు భాగాలు చేశాం. ఆకుపచ్చ గీతకి ఇవతల శుభ్రమైన చోటు, సెట్లు తొడుక్కునేది. ఎర్ర గీతకి అవతల రోగులు. రెండింటి మధ్య పసుపు గది. లోపలి నుంచి వచ్చినవాళ్లని తుడిచి, విప్పేది అక్కడ. అన్నిటికంటే ప్రమాదం పసుపు గదిలోనే. రోగం అంతా సెట్టు బయటి వైపున అంటుకుని వస్తుంది. విప్పేటప్పుడు చెయ్యి తప్పితే మనిషికి అంటుకుంటుంది. ఆ గదికి దాలమ్మ తనే వస్తానంది. ఆమెకీ పూర్తి సూటు, బిగుతు మాస్కు, కళ్లకి అద్దాలు, రెండు జతల చేతితొడుగులు. వసారాలో ఉష్ణమాపకం ముప్పైఎనిమిది చూపించేది. సూటు లోపల ఎంతో నాకు తెలియదు. నాలుగు గంటల షిఫ్టు అయ్యాక ఆమె బూట్లు వంచితే చెమట ధారగా కారేది.

వేసుకునే ముందు పరీక్ష ఇలా. బ్యాటరీ నిండుగా ఉందా. గొట్టానికి పగుళ్లున్నాయా. ఫిల్టరు తేదీ దాటిందా, సొట్ట పడిందా, తడిసిందా. దాని రబ్బరు చుట్టు సరిగ్గా కూర్చుందా. తర్వాత గొట్టం కొసన ఒక చిన్న గాజుగొట్టం పెడతాం. అందులో చిన్న బంతి ఉంటుంది. మోటారు వేస్తే గాలికి బంతి లేవాలి. గీత దాటితే సెట్టు మంచిది. దాటకపోతే బ్యాటరీ నీరసించింది, లేదా ఫిల్టరు మూసుకుపోయింది.

బయటికొచ్చాక ఇంకోలా. మోటారు ఆపకూడదు. మోటారు తిరుగుతుండగానే పైనుంచి కిందికి తుడవాలి. ముందు సబ్బునీళ్ల గుడ్డ, తర్వాత మందు గుడ్డ. పెట్టెని నీళ్లలో ముంచకూడదు. గాలి లోపలికి పోయే చోట తడి తగలకూడదు. స్పిరిట్ రాస్తే ముందున్న రేకు మసకబారుతుంది, రాయకూడదు. మందు పూశాక పది నిమిషాలు తడిగానే ఉండాలి. ఆ తర్వాత మంచినీళ్ల గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. ఫిల్టరుని దులపకూడదు, ఊదకూడదు, కడగకూడదు. దాని పని అయిపోతే చేతితొడుగులతో తీసి పసుపు సంచిలో వేసి కట్టేయాలి.

ఇదంతా నేను హిందీలో రాసి గోడకి అంటించాను. దాలమ్మకి హిందీ చదవడం రాదు. ఒకసారి చేసి చూపించాను, రెండోసారి చేయించాను. మూడోసారి ఆమె నాకు అప్పజెప్పింది. నేను మర్చిపోయిన గొట్టం ముడతల సంగతి కూడా కలిపి చెప్పింది. "ముడతల్లోనే దాక్కుంటాది బావూ. నువ్వు పైపైన తుడిసేసినావు."

నిజమే. పైపైనే తుడిచాను.

సెట్టు వేసుకుంటే చెవుల్లో మోటారు రొద తప్ప ఏమీ వినపడదు. మాటలకి చేతి సైగలు పెట్టుకున్నాం. లోపలివాళ్లతో వాకీటాకీ, ప్లాస్టిక్ సంచిలో చుట్టి. నాలుగో రోజు డాక్టరమ్మ మూడు గంటలు లోపల ఉండి పసుపు గదిలోకి వచ్చింది. ఉక్కకి తట్టుకోలేక వస్తూనే తొడుగు పైకి లాగబోయింది. దాలమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"డాక్టరమ్మా, ఉండండి! సెయ్యి దించండి!"

డాక్టరమ్మకి మాట వినపడలేదు. చేతులు మాత్రం అర్థమయ్యాయి. దించింది. దాలమ్మ ఆమెని నడినెత్తి నుంచి పాదం దాకా తుడిచి, తిప్పి, వీపు తుడిచి, అప్పుడు బెల్టు విప్పింది. మోటారు ఆఖర్న ఆపింది.

"మా అమ్మ కూడా నాకు ఇలా నీళ్లు పోయలేదు," అంది డాక్టరమ్మ బయటికొచ్చాక.

"మీ అమ్మ కడిగింది మట్టి గదా," అంది దాలమ్మ.

షెడ్డు బయట రేకు కింద మేం టీ తాగే చోటికి ఆమె కూడా వచ్చేది. దూరంగా కూర్చునేది. ఒకరోజు అడిగాను, ఇంటికి ఎప్పుడు వెళ్లావని.

"నెల దాటినాది. ఊరోల్లు రావొద్దన్నారు. ఆస్పత్రి పని సేసేదాన్ని ఊర్లోకి తెస్తే రోగం వొస్తాదంట. నా కోడలు ఫోను సేసి ఏడుత్తాది. ఊరుకోయే అన్నాను. ఆల్లకీ బయమే గదా."

"కోపం రాలేదా?"

"ఎవులి మీద? నాకు ఆ జల్లిడ సంగతి తెలీనప్పుడు నానేటి సేసినాను? ఆల్లకీ తెల్దు."

మూడో వారానికి పాత ఫిల్టర్లు బరువెక్కాయి. బంతి గీత దగ్గరే ఊగుతోంది. మేం తెచ్చిన అదనపు ఫిల్టర్లూ అయిపోయాయి. కొత్తవి కావాలని రాశాం. ఒక ఉదయం ఎనిమిదింటికి ఒక అట్టపెట్టె వచ్చింది. ఎవరు చేశారో, ఎవరు పంపారో ఇక్కడ అనవసరం. తేదీ చూశాను. సీలు చూశాను. సైజు, మరలు సరిపోయాయి. నాలుగు సెట్లకి నేనే బిగించాను. బంతి గీత దాటి లేచింది. రిజిస్టరులో సంతకం పెట్టాను. మరో రెండు సెట్లు ఫిల్టర్లు తీసేసి ఛార్జింగులో ఉన్నాయి. పాత ఫిల్టరుతో పనిచేసేవి రెండే మిగిలాయి. పదిన్నర వేళకి ఒకటి వేసుకుని సర్దార్ లోపల ఉన్నాడు. రెండోది అప్పుడే బయటికొచ్చిన సిస్టరుది. దాలమ్మ దాన్ని మందు గుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టి, సూటు విప్పి, చేతులు కడుక్కుని ఆకుపచ్చ గీత ఇవతలికి వచ్చింది. పసుపు గది బల్ల దగ్గరికి ఇంకో ఆయా వెళ్లి కూర్చుంది.

పదీ నలభైకి వాకీటాకీ మోగింది. సర్దార్ గొంతు. "పదకొండో పడక. పడిపోతున్నాడు. ఆక్సిజన్ దిగుతోంది. గొట్టం వెయ్యాలి. డాక్టరుని పంపండి. ఓవర్."

పదకొండో పడకలో ఉన్నది బరంపురం బట్టల వ్యాపారి. మా తెలుగువాడే. నలభై ఐదేళ్లు ఉంటాయి. ముందురోజు సాయంత్రం కూడా ఫోనులో ఇంటివాళ్లతో మాట్లాడాడు.

డాక్టరమ్మ అప్పటికే సూటు వేసుకుని సిద్ధంగా ఉంది. నేను కొత్త ఫిల్టరు ఉన్న సెట్టు ఆమె నడుముకి కట్టాను. దాలమ్మ గాజుగొట్టం పెట్టి బంతి చూసింది. బంతి లేచింది. గీత దాటింది. నేను తొడుగు చేతిలోకి తీసుకున్నాను.

"ఆగు బావూ," అంది దాలమ్మ.

"ఏటి?"

"బంతి మరీ పైకెల్తంది."

"ఎల్తే మంచిదే గదా. కొత్త ఫిల్టరు."

"మునుపు కొత్తవి పెట్టినప్పుడు నాను సూసినాను. గీత మీద ఏలెడంత ఎత్తున ఆగుతాది. ఇది పైకి తగిలిపోతంది. మిసను సప్పుడు కూడా తేలిగ్గా ఉన్నాది. జల్లిడలోంచి లాగితే మోటారుకి కష్టం ఉండాల గదా? దీనికి కష్టమే నేదు."

డాక్టరమ్మ చెయ్యి చాచింది. "హవల్దార్ గారూ, తొడుగు ఇవ్వండి. టైం లేదు."

దాలమ్మ ఎర్ర తలుపుకి అడ్డంగా వెళ్లి నిలబడింది.

ఆ క్షణంలో నేనేం ఆలోచించానో దాచుకోకుండా చెబుతాను. నా సంతకం ఉంది. నేను ఉస్తాదుని. ఆమె ఊడ్చే మనిషి. లోపల ఒకడు చనిపోతున్నాడు. ఆమెని పక్కకి తోసేయాలనే అనుకున్నాను. కానీ ఆమె చెప్పింది తప్పని తేల్చాలన్నా ముందు పరీక్షించి చూడాలి.

ఫిల్టరు ముఖం మీద ఒక ప్లాస్టిక్ కవరు పెట్టి అరచేత్తో గట్టిగా మూశాను. గాలి వచ్చే దారి మూసేస్తే బంతి పడిపోవాలి. పడలేదు. కొంచెం దిగి, గీత మీదే నిలబడి ఊగింది. అంటే గాలి ఫిల్టరు లోంచి రావడం లేదు. పక్కనించి వస్తోంది. ఫిల్టరు విప్పి చూశాను. రబ్బరు చుట్టు గోరుమందం కూడా లేదు. పెట్టెకి ఆనడం లేదు. బంతి పరీక్ష గాలి ఎంత వస్తోందో చెబుతుంది. ఎక్కడి నుంచి వస్తోందో చెప్పదు. ఆ సంగతి నేను ఎంతోమందికి పాఠం చెప్పినవాణ్ణి.

మిగతా సెట్లవీ విప్పి చూశాను. మూడూ అంతే. అదృష్టం, అప్పటికి వాటితో ఎవరూ లోపలికి వెళ్లలేదు.

"నేను మామూలు మాస్కుతో వెళ్తాను," అంది డాక్టరమ్మ.

"మామూలు మాస్కుతో ఎల్లిన డాక్టరు బాబు కిందంతస్తులో ఉన్నాడమ్మా," అంది దాలమ్మ. "మీరూ పడిపోతే రేపు ఎవులు ఏత్తారు గొట్టం? ఎల్లుండి ఎవులు ఏత్తారు? బల్ల మీద ఒక గాలిపెట్టె ఉన్నాది. పాత జల్లిడ. మంచిది. నాలుగు నిమిషాలు ఆగండి. తడి ఆరాల."

"తడి అయితే ఏం, ఇచ్చెయ్ మావుసీ!"

"మందు ఆవిరిని జల్లిడ ఆపదు. లోపలికి లాగేత్తాది. కళ్లు మండితే గొంతు ఎలా కనిపిస్తాది మీకు?"

అది కూడా నేను చెప్పిన పాఠమే. ఒక్కసారే చెప్పాను.

వాకీటాకీ అందుకున్నాను. "సర్దార్, కొత్త ఫిల్టర్లు పనికిరావు. డాక్టరు రావడానికి నాలుగు నిమిషాలు. సంచితో ఊపిరి అందించగలవా? ఓవర్."

రెండు సెకన్లు రొద. తర్వాత, "నా సెట్టు మంచిదేనని చెప్పు, అరగంట అందిస్తా. ఓవర్."

"నీ సెట్టు మంచిదే. పాత ఫిల్టరు. దాలమ్మ చూసింది. ఓవర్."

"దాలమ్మ చూస్తే చాలు. అవుట్."

ఆ నాలుగు నిమిషాలు చాలా పొడుగ్గా గడిచాయి. సుబేదార్ సాబ్ మెట్లెక్కి వచ్చారు. సంగతి రెండు ముక్కల్లో చెప్పాను. ఆయన గోడ గడియారం కింద నిలబడి నిమిషాలు పైకి చదివారు. మూడు. రెండు. ఒకటి. అవగానే పసుపు గదిలోని ఆయా మంచినీళ్ల గుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో పెట్టెని తుడిచి గుమ్మం దగ్గర పెట్టింది. దాలమ్మ కొత్త చేతితొడుగులు వేసుకుని అందుకుంది. రబ్బరు చుట్టు మీద బొటనవేలు తిప్పి చూసింది. బంతి పెట్టింది. బంతి గీతకి కాస్త పైన ఆగింది. నేను ఫిల్టరు మూశాను. బంతి టక్కున పడిపోయింది.

డాక్టరమ్మ తన తొడుగు పెట్టుకుని పదీ యాభైకి లోపలికి వెళ్లింది. పదీ యాభై నాలుగుకి సర్దార్ గొంతు వినిపించింది. "గొట్టం పడింది. ఆక్సిజన్ ఎక్కుతోంది. ఓవర్."

సుబేదార్ సాబ్ టోపీ తీసి ముఖం తుడుచుకున్నారు. దాలమ్మ అప్పటికే సూటు తొడుక్కుంటోంది. వాళ్లు బయటికొచ్చే వేళకి ఆమె పసుపు గదిలో ఉండాలి.

మధ్యాహ్నం రిజిస్టరు తీసి నా సంతకం కింద జరిగింది జరిగినట్టు రాశాను. ఫిల్టర్లు సరిగా చూడకుండా ఆమోదించింది నేనని, పట్టుకున్నది దాలమ్మ అని. అట్టపెట్టెకి తాడు కట్టి, వాడకూడదని ఎర్ర సిరాతో రాసి పక్కన పడేశాను. సరైన ఫిల్టర్లు మూడో రోజుకి వచ్చాయి. ఆ మూడు రోజులూ రెండు సెట్లతోనే నడిపాం. డాక్టరమ్మ ఒకటి, సర్దార్ ఒకటి. వాళ్లు తాగేవి తాగుతూ, తినేవి తింటూ ఉన్నంతసేపు దాలమ్మ వాటిని శుభ్రం చేసేది. బల్ల మీద పది నిమిషాలు ఏ రోజూ తొమ్మిది కాలేదు.

సుబేదార్ సాబ్ రిజిస్టరు చదివి నన్ను పిలిచారు. తిడతారనుకున్నాను. "రాసి మంచిపని చేశావు," అన్నారు. "రేపటి నుంచి మిగతా ఆయాలకి పాఠం ఆమె చెబుతుంది. నువ్వు పక్కన నిలబడి విను."

మర్నాడు పదకొండు మంది ఆయాలు, ఇద్దరు సిస్టర్లు వసారాలో కూర్చున్నారు. దాలమ్మ నిలబడే చెప్పబోయింది. సుబేదార్ సాబ్ తన కుర్చీ తెచ్చి వేశారు. ఆమె కూర్చోనంది. ఆయన వేలితో చూపించారు. కూర్చుంది. ఆయన గంటసేపు గోడ పక్కన నిలబడే విన్నారు. ఆయనకి తెలుగూ రాదు, ఒడియా రాదు.

"మొదట నాను సేసిన తప్పు సెప్తాను," అని మొదలుపెట్టింది దాలమ్మ. చీల్చిన ఫిల్టరు ముక్క అందరి చేతికీ ఇచ్చింది. "నలిపి సూడండి. ఇది గుడ్డ కాదు." సగం తెలుగు, సగం ఒడియా. తర్వాత బంతి. "ఇది లేత్తే సాలదు. ఎంత లేచినాదో సూడాల. రోజూ సూత్తే ఎప్పుడు తేడా వొచ్చినాదో తెలుస్తాది. రోజూ సూడకపోతే ఎన్ని సదువులున్నా తెల్దు." ఆ మాట అన్నాక నా వైపు చూసి, "నిన్ను కాదు బావూ," అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నన్ను కూడా అని నాకు తెలుసు.

బట్టల వ్యాపారి పదహారు రోజుల తర్వాత కిందంతస్తుకి దిగాడు. ఇంకో పది రోజులకి ఇంటికి వెళ్లాడు. వెళ్లేముందు డాక్టరమ్మకి చేతులు జోడించాడు. ఆమె అతన్ని వసారా చివరికి నడిపించుకెళ్లి, "ఆవిడకి పెట్టండి దండం," అంది. దాలమ్మ చేతిలో గుడ్డ పక్కన పెట్టింది. "బాగుండు బాబూ, మాస్కు తియ్యకు," అంది.

ఆ ఎనిమిది సెట్లు వేసుకుని వెళ్లిన వాళ్లలో మేమున్నన్నాళ్లూ ఎవరికీ రోగం అంటలేదు. పసుపు గదిలో పనిచేసిన వాళ్లకీ అంటలేదు. దాలమ్మకి పరీక్ష చేసిన ప్రతిసారీ లేదనే వచ్చింది. ఆ కాగితం ఫోటో తీసి ఊరి పెద్దకి పంపించమని డాక్టరమ్మ అంది. పంపించలేదు. కోడలికి మాత్రం పంపింది.

ఆరు వారాలు అయ్యాయి. జూలై రెండో వారం, ఉదయం తొమ్మిదిన్నర. వాన కురిసి వెలిసింది. పెట్టెలు లారీలోకి ఎక్కించాం. సెట్లు ఆసుపత్రికే వదిలేశాం. సర్దార్ అందరికీ సెల్యూట్ కొట్టాడు. డాక్టరమ్మ గేటు దాకా వచ్చింది. దాలమ్మ కోసం చూశాను. షిఫ్టులో ఉందన్నారు. సరే, పనిలో ఉన్న మనిషిని పిలవకూడదు.

ఆ తర్వాత నాకు ఇరవై రోజుల సెలవిచ్చారు. గిరిసోలలో దిగి ఇంటికి నడిచి వెళ్లాను. నా భార్య గుమ్మంలో నిలబడి ముందు నా బూట్లు బయట విప్పించింది, తర్వాత లోపలికి రమ్మంది. రెండేళ్లకి నౌకరీ పూర్తయింది. ఇప్పుడు పొలం చూసుకుంటున్నాను. పతకాల గురించి, సరిహద్దు గురించి పిల్లలు అడుగుతుంటారు. చెబుతాను. వాళ్లు వెళ్లిపోయాక నా కళ్ల ముందు నిలిచేది వేరు.

ఆ ఉదయం లారీ గేటు దగ్గర మలుపు తిరుగుతుంటే ఒక్కసారి వెనక్కి చూశాను. రెండో అంతస్తు వసారాలో నీడపట్టున తాడు కట్టి ఉంది. తుడిచి ఆరేసిన తలతొడుగులు దాని మీద వేలాడుతున్నాయి. గాలికి ఉబ్బి, ఒక్కొక్కటీ లోపల తల ఉన్నట్టే కదులుతున్నాయి. వాటి మధ్య దాలమ్మ ఉంది. ఒక తొడుగుని రెండు చేతులతో వెలుతురుకి ఎత్తిపట్టి, రేకులో ఎక్కడైనా చిల్లు ఉందేమోనని చూస్తోంది. డ్రైవరు హారను కొట్టాడు. ఆమె తల తిప్పలేదు. మెల్లగా తొడుగుని ఇటు తిప్పింది, అటు తిప్పింది. కుట్టు మీద వేలు పెట్టి నడిపింది. అది తాడు మీద వేసి, పక్కదాన్ని తీసుకుంది.